గేటు బయట మా తోతాపురి

మా ఇంట్లో తోతాపురి పండు ఇష్టంగా తినే మనిషి ఒక్కరు కూడా లేరు. అయినా మా తోపు మొత్తం తోతాపురే. తిరుపతి నుంచి బంధువులెవరైనా వచ్చి, "తోపు పెట్టుకొని కూడా మాకు నాలుగు పండ్లు పంపించరు గదా" అని నిష్ఠూరమాడితే, మా అమ్మ చిత్తూరు మార్కెట్లో బేనీషా, అదే బంగినపల్లి, కొని వాళ్ల సంచిలో పెట్టేది. మామిడి రైతు పెళ్లాం మామిడిపండ్లు కొనుక్కోవడమేమిటని నవ్వొస్తుందేమో. అప్పట్లో మాకూ నవ్వొచ్చేది.

తోతాపురి ఫ్యాక్టరీ కాయ. పొడుగ్గా, ముక్కు కాస్త వంగి ఉంటుంది. పచ్చిది ముక్కలు కోసి ఉప్పూ కారం అద్దుకుంటే బాగుంటుంది. పండితే చప్పన. కానీ కండ ఎక్కువ, పీచు తక్కువ, గుజ్జు తీసి డబ్బాల్లో పోసేవాళ్లకు అదే కావాలి. ఆ డబ్బాలు ఓడలెక్కి ఎడారి దేశాలకు పోతాయని నేను పనిచేసిన ఫ్యాక్టరీ సూపర్‌వైజరు చెప్పేవాడు. చక్కెర కలిపి, రంగు కలిపి, సీసాలో పోసి ఇస్తే ఎవరికి మాత్రం చేదు!

చిత్తూరు నుంచి పలమనేరు పోయే రోడ్డుకు కాస్త లోపలగా మా ఊరు. నా చిన్నతనంలో ఆ చుట్టుపక్కలంతా సెనక్కాయ చేలు. వాన పడితే పంట, లేకపోతే లేదు. లేని ఏళ్లే ఎక్కువ. తొంభైలలో ఆ రోడ్డు పొడుగునా జ్యూస్ ఫ్యాక్టరీలు లేచాయి. ముందు ఒకటి, తర్వాత దాన్ని చూసి ఇంకొకటి. ఎండలు ముదిరే సరికి వాటి పొగగొట్టాల నుంచి పొగ వచ్చేది, దాంతోపాటు ఉడికిన మామిడి వాసన. మా నాయన ఆ వాసన పీల్చి సెనక్కాయ చేను తీసేసి అంటుమొక్కలు నాటాడు. నీళ్లు బిందెలతో మోసింది మేము. ఇంటి వెనక పాత బేనీషా చెట్లు రెండు ఉండేవి. వాటిని కూడా కొట్టించి ఆ చోట తోతాపురే పెట్టాడు. అమ్మ వద్దని ఏడ్చింది.

"ఫ్యాక్టరీకి పనికిరాని సెట్టు మనకెందుకే" అన్నాడు నాయన.

ఒక ఫ్యాక్టరీ వస్తే ఆ ప్రాంతం ఎట్లా బాగుపడుతుందో చదువుకున్నవాళ్లు పుస్తకాల్లో రాస్తారు. రాసుకోనీ. నేను కళ్లతో చూసిందే చెబుతాను. గేటు ఎదురుగా టీ బంకు వచ్చింది, పక్కన పంక్చరు షాపు వచ్చింది. అంతకుముందు చెయ్యెత్తినా ఆగని బస్సు అక్కడ తనంతట తానే ఆగడం మొదలుపెట్టింది. అంటుమొక్కలు కట్టేవాళ్లు, ప్లాస్టిక్ క్రేట్లు బాడుగకు ఇచ్చేవాళ్లు, తొక్కా టెంకా ఎత్తిపోసేవాళ్లు, అందరికీ ఏదో ఒక పని దొరికింది. మా వీధి ఆడవాళ్లు కట్టెల పొయ్యి వదిలి గ్యాసు పొయ్యి కొన్నది ఆ కూలితోనే. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుని అమ్మ చేత రోజూ తిట్లు తింటున్న నాకు మనుషుల్లో తిరిగే బతుకు వచ్చింది. తిరుపతి వాళ్లకు కొండ ఉంది, ఏడాది పొడుగునా జనం వస్తూనే ఉంటారు, లాడ్జీలూ ఆటోలూ ఆగవు. మాకు ఉన్నదల్లా ఆ పొగగొట్టమే. అది కూడా ఏడాదికి రెండు మూడు నెలలే పొగ వదులుతుంది. ఆ పొగ మీదే మిగతా నెలలన్నీ గడవాలి.

నేను కోత టేబుల్ దగ్గర పనిచేసేదాన్ని. పండ్లు కడిగే తొట్టి నుంచి బెల్టు మీద వస్తాయి. ముచ్చిక తీసి, రెండు పక్కల కండ చెక్కి, టెంక పక్కకు తోయాలి. నెత్తికి గుడ్డ, మూతికి మాస్కు, చేతికి తొడుగు. ఆ తొడుగు మధ్యాహ్నానికే చిరుగుతుంది. సొన తగిలి వేళ్ల సందుల్లో తోలు ఊడేది. ఇంటికి పోయి సంగటి ముద్ద పులుసులో అద్దుకుంటే చుర్రుమని ప్రాణం పోయేది. అయినా ఆ నెలలు నాకు ఇష్టం. నా పక్కనే మా వీధి అత్త ఒకావిడ నిలబడేది. వరసకు అత్త. ఆమె నోటికి అడ్డూ అదుపూ లేదు. "ఏమ్మే, సన్నగా సెక్కుతా ఉండావు, మొగుడింటికి పోయినాక కూరగాయలు కూడా ఇట్లనే తరుగుతావా ఏంది" అని నన్ను ఏడిపిస్తూ చకచకా కోసేది. మా టేబుల్ దగ్గరున్న ఆడవాళ్లలో చాలామంది ఇండ్లలో తోపులున్నాయి. మొగవాళ్లు కాయ తెచ్చి గేటు దగ్గర పోస్తారు, ఆడవాళ్లు లోపల కోస్తారు. ఫ్యాక్టరీ మా ఇండ్లకు రెండు వైపులా అతుక్కుని ఉండేది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవి సంగతి ఇది. అంతకుముందు కొన్నేళ్లుగా వానలు లేవు. తోపులు బోరు నీళ్ల మీద బతుకుతున్నాయి. ఆ ఏడు మా బోరు కూడా బుసబుసమని గాలి కొట్టడం మొదలుపెట్టింది. అయినా ఎందుకో కాపు విరగకాసింది. మాకే కాదు, అందరికీ కాసింది. నాయన తొలికాయ కాణిపాకం వినాయకుడికి ఇచ్చి వచ్చి, "ఈ కోతతో బోరు ఇంకొంచెం లోతు దించుదాము, సెట్లు బతుకుతాయి" అన్నాడు. ఆ పని జరగకపోతే వచ్చే ఎండలకు తోపు నిలబడదని మాకందరికీ తెలుసు. ఇంట్లో వేరే మాట లేదు. కాయ ఫ్యాక్టరీలో దిగాలి, బోరు లోతు కావాలి.

ఇక్కడే మా నాయన తప్పు చేశాడు. అది మా వైపు రైతు తప్ప ఇంకెవరూ చేయని తప్పు. ఫ్యాక్టరీకి కాయ రెండు రకాలుగా ఇవ్వొచ్చు. పచ్చిది కోసి అట్లాగే తెస్తే వాళ్లే తమ షెడ్లలో మాగబెట్టుకుంటారు. లేదంటే మనమే ఇంట్లో వరిగడ్డి పరిచి, కాయ పేర్చి, మళ్లీ గడ్డి కప్పి, మాగినాక పండుగా తేవచ్చు. అంతకుముందటి ఏడాది షెడ్లు నిండిపోయి, పండు తెచ్చినవాళ్ల బండ్లు వరసలో నిలబెట్టకుండా నేరుగా లోపలికి పంపారు. పచ్చికాయ తెచ్చిన మా నాయన అప్పుడు ఎండలో పడిగాపులు పడ్డాడు. అది మనసులో పెట్టుకుని ఈసారి కాయంతా ఇంట్లోనే మాగేశాడు. పంచలో, నట్టింట్లో, చివరికి మంచాల కింద కూడా గడ్డీ కాయలూ. మేము వాకిట్లో పడుకున్నాం. అమ్మ పొద్దున లేవగానే గడ్డిలో చెయ్యి పెట్టి, వేడి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకా రాలేదు" అనేది. ఒక పొద్దు, "వచ్చేసింది, ఇంక ఆపితే చెడతాది" అంది. గడ్డి తీసేస్తే ఇల్లంతా పసుపు రంగు. మా నాయన మొహం ఎంత వెలిగిపోయిందో! 

మా చిన్నాయనకు ట్రాక్టరు ఉంది. నాయన తమ్ముడే కాబట్టి అతనే బండి కట్టాడు. పండు నలగకుండా అడుగున గడ్డి వేసి ట్రాలీ నింపారు. నేను ఫ్యాక్టరీ వ్యానులో ముందే పోయాను. పోయి చూస్తే లోపల బెల్టు తిరగడం లేదు, ఆవిరి శబ్దం లేదు. బాయిలరు పైపు పగిలింది. కొత్తది మద్రాసు నుంచి రావాలట. గేటు మూసేశారు. బయట ట్రాక్టర్ల వరస అప్పటికే టీ బంకు దాటి మలుపు దాకా పోయింది. ఆ మలుపు అవతల మా బండి వచ్చి ఆగింది.

పరుగెత్తుకుంటూ పోయి చెప్పాను. నాయన నమ్మలేదు. "పండు తెచ్చినామని సెప్పినావా?" అని అడిగాడు.

"అందరూ పండే తెచ్చినారు నాయనా. పోయినేడు సూసి అందరూ మాగేసినారు."

నాయన వరస వైపు చూశాడు. నిజమే. బండి బండిలోనూ పండే. ఒక్కడికి కలిసొచ్చిన దారిని ఊరూరా పట్టుకుని వచ్చారు. పచ్చికాయ అయితే నీడలో పెడితే కొన్నాళ్లు ఆగుతుంది. పండు ఎవరి కోసం ఆగుతుంది?

రోజూ పొద్దున వ్యానులో పోవడం, ఇవాళ మొదలవుతుందేమోనని లోపల కూర్చోవడం, మధ్యాహ్నం నాయనకు అన్నం క్యారియరు ఇచ్చి రావడం. ఇదే నా పని అయింది. పోయినప్పుడల్లా నాయన ఒకటే ప్రశ్న. "ఏమన్నా తెలిసిందా?" నా దగ్గర ఒకటే జవాబు. "రేపంట." మా చిన్నాయన మాత్రం ఊరకే ఉండే రకం కాదు. "యామ్మా, లోపలుండేదానివి నువ్వు. పొయ్యి ముట్టించేది రాదా మీవోళ్లకు? మీ అమ్మను పిలిపించినా ఈపాటికి నాలుగు పుల్లలు దోపి ఊది ముట్టించేసుండు గదా" అనేవాడు. మొదట నవ్వాం. తర్వాత ఆయన కూడా ఆ మాట అనడం మానేశాడు.

అమ్మ ఊరుకోలేక బండి దగ్గరికి వచ్చి, పైన ఉన్న గట్టి పండ్లు రెండు గంపలకు ఏరుకుని బస్సులో కాణిపాకం పోయింది. గుడి ముందు భక్తులకు అమ్ముదామని. సాయంత్రం గంపలు దాదాపు అట్లాగే తిరిగొచ్చాయి. "బేనీషా లేదా అని అడగతారు. తోతాపురి అంటే మొగం తిప్పుకుంటారు" అంది. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఇంటెనక రెండు సెట్లుండె" అని గొణిగింది. నాయన విననట్టు ట్రాలీ మీద ఎండ తగలకుండా కప్పిన తాటాకులు సర్దుతూ ఉండిపోయాడు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కడ పోయాలో తెలియలేదు.

ఎండ నిప్పులు కక్కుతోంది. ట్రాలీల కింద రోడ్డు తడిగా, జిగటగా అయింది. ఈగలు. తియ్యటి వాసన కాస్తా పులిసిన కల్లు వాసన అయింది. నాయన ట్రాలీ ఎక్కి పైపండ్లు పక్కకు తీసి, అడుగున గాలి తగిలేటట్టు చేసేవాడు. ఆయన మోచేతుల దాకా రసం ఎండి నల్లగా అట్ట కట్టింది. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి, మా నాయన మా నాయనలా లేడు. ఆయన ఎవరినీ తిట్టడం లేదు, దానికే నాకు భయం వేసింది. తిట్టే మనిషి తిట్టకపోతే ఇంట్లోవాళ్లకు ఎట్లా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

చివరికి ఒక పొద్దున పొగగొట్టం నుంచి పొగ లేచింది. వరసలో ఉన్నవాళ్లంతా ఈలలు వేశారు. నాయన టీ బంకు దగ్గర కుళాయి కింద తల తడుపుకుని, తువ్వాలు దులిపి తలకు చుట్టుకున్నాడు. నేను లోపలికి పోయి కత్తి తీసుకుని నిలబడ్డాను. బెల్టు కదిలింది. పండ్లు వచ్చాయి. చూస్తే అవి బయటి బండ్ల పండ్లు కావు. ఫ్యాక్టరీ వాళ్లు ముందే పచ్చికాయగా కొని షెడ్లలో మాగేసుకున్నవి.

"సార్, బయట బండ్లు?" అని అడిగాను.

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు, మా పక్క ఊరి మనిషే. "షెడ్లల్లోది కూడా కుళ్లిపోతా ఉండాదమ్మా. కంపెనీ సరుకు ముందు. అది అయినాకే బయటిది" అన్నాడు.

షెడ్లలో ఎంత సరుకు ఉందో మాకు తెలుసు. అది అయ్యే దాకా అంటే మా పండు గురించి ఇంక మాట్లాడక్కర్లేదు. నాకు ఒళ్లు భగ్గుమంది. బిందెలతో మోసిన నీళ్లు, వాకిట్లో పడుకున్న రోజులు, అమ్మ తిరిగి తెచ్చిన గంపలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కత్తి టేబుల్ మీద పెట్టేశాను.

"మా బండ్లు లోపలికి రానిస్తేనే కోస్తాను. లేకపోతే కొయ్యను సార్. ఏమన్నా సేసుకోండి."

అత్త నా వైపు చూసింది. ఈసారి ఎగతాళి లేదు. ఆమె మొగుడి బండి కూడా ఆ వరసలోనే ఉంది. ఆమె కూడా కత్తి పెట్టేసింది. తర్వాత ఆ పక్కామె, ఆ ఎదురామె. బెల్టు తిరుగుతూనే ఉంది. పండ్లు టేబుల్ చివర పోగై, కింద పడి, పగిలిపోతున్నాయి. ఎవరూ వంగి తీయలేదు.  ఆ వారంలో మొదటిసారి మా చేతిలో ఏదో ఉందనిపించింది.

సూపర్‌వైజరు బతిమాలాడు. మేనేజరు వచ్చి ఇంగ్లీషులో ఫోను మాట్లాడి పోయాడు. కాసేపటికి సంగతి తెలిసింది. మేము కోయకపోతే షెడ్ల సరుకు లారీలకెత్తి కృష్ణగిరి ఫ్యాక్టరీకి పంపేస్తారట, ఇక్కడ ఈ సీజన్‌కు బాయిలరు ఆర్పేస్తారట. ఆ మాట గేటు బయట రైతులకూ చెప్పారు. వాళ్లు తమలో తాము మాట్లాడుకున్నారు. మొదట కత్తి పెట్టింది ఎవరి బిడ్డ అంటే మా నాయన బిడ్డ. ఆయననే లోపలికి పంపారు.

మా నాయన ఆ ఫ్యాక్టరీ కోసం తోపు పెట్టిన మనిషి. కానీ గేటు దాటి కాటా దాకా రావడమే తప్ప కోత షెడ్డు లోపలికి ఎప్పుడూ రాలేదు. తలుపు దగ్గర చెప్పులు విడిచాడు, గుళ్లోకి వచ్చినట్టు. రసం పారుతున్న గచ్చు మీద ఒట్టి కాళ్లతో జారకుండా చూసుకుంటూ వచ్చాడు. బెల్టునూ, తొట్టినీ, పైన మెరుస్తున్న గొట్టాలనూ తలెత్తి చూశాడు. ఆ తిప్పలన్నిటి మధ్యా ఆయన కళ్లల్లో ఒక్క క్షణం ఆశ్చర్యం కనిపించింది. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"కత్తి పట్టుకోమ్మా" అన్నాడు.

"ఇంకొంచేపు నాయనా. వీళ్లే దిగొస్తారు. మన బండి లోపలికొస్తాది."

"మనది అయిపోయిందమ్మా. అడుగు పండంతా రసమైపోయుండాది. ఇప్పుడు గేటు తెరిసినా వాళ్లు దించుకోరు. వాళ్ల సోట్లో నేనున్నా దించుకోను."

"అయితే వీళ్లదీ కుళ్లిపోనీ!" అని అరిచాను. అందరూ వింటున్నారు. నాకు సిగ్గు లేదు. "మనకొక్కరికేనా ఈ ఏడుపు?"

నాయన నా మీద గొంతు పెంచలేదు. "కుళ్లితే ఏమొస్తాది? ఇది మూతేసుకుని పోతే వచ్చే ఏడు యాడ పోసేది మనము? ఈ కాయ ఇంకెవురికి కావాల? సెట్లు కొట్టేసి మళ్లీ సెనక్కాయ ఏసేంత వయసు నాకుండాదా? ఇది బతకాల. ఇది బతికితేనే మనము. పట్టుకో."

టేబుల్ మీద కత్తి తీసి, పిడి నా వైపు తిప్పి, నా చేతిలో పెట్టాడు. ఆయన చెయ్యి జిగటగా ఉంది. నేను ఆయన మొహంలోకి చూడలేదు. చూస్తే కత్తి అక్కడే విసిరేసేదాన్ని. పట్టుకున్నాను. అత్త కూడా ముక్కు చీదుకుంటూ పట్టుకుంది. అందరూ పట్టుకున్నారు. కింద పడి పగిలిన పండ్లను ఎవరో చీపురుతో పక్కకు తోశారు. నాయన వచ్చిన దారినే పోయాడు.

ఆ రోజంతా కోశాను. ఏడుస్తూ కోశాను. మాస్కు కట్టుకుని ఉంటాం కాబట్టి ఎవరికీ తెలియదు. సొన, చెమట, కన్నీళ్లు అన్నీ ఒకటే మంట. బయట వరసలో బండ్లు ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతున్న శబ్దం వినిపించింది. అందులో మా చిన్నాయన బండి ఏదో నాకు తెలుసు, దాని సైలెన్సరు పగిలి ఉండేది. అది రోడ్డు దిగి, మేము వంక అనే ఎండిన వాగు వైపు పోయింది. కాసేపు ఆగింది. మళ్లీ స్టార్టయినప్పుడు ట్రాలీ ఖాళీగా ఎగిరెగిరి పడుతున్న చప్పుడు వచ్చింది. అత్త తల వంచుకుని, "కొయ్యి మ్మే, సెయ్యి ఆపద్దు" అంది. కోశాను.

సాయంత్రం బయటికి వస్తే గేటు ముందు రోడ్డు ఖాళీ. నాయనా చిన్నాయనా ట్రాలీ కడిగేసుకుని నాకోసం ఆగి ఉన్నారు. వంక వైపు ఆవులు గుంపుగా మూగి ఉన్నాయి. నేను అటు చూడలేదు. ట్రాలీ ఎక్కి తడి పలకల మీద నాయన పక్కన కూర్చున్నాను.  బోరు సంగతి ఎవరూ ఎత్తలేదు, తోపు సంగతీ ఎత్తలేదు. చిన్నాయన కూడా వెనక్కి తిరగకుండా బండి నడుపుతున్నాడు.

ఊరి దారి తిరిగినాక నాయన గొంతు సవరించుకున్నాడు. "లోపల షెడ్లల్లో ఇంకా శానా ఉండాదా సరుకు?"

ఎందుకు అడుగుతున్నాడో అర్థం కాలేదు. "శానా ఉండాది. ఈ పొద్దు కోసింది ఒక మూలకే సరిపోయింది."

"అయితే ఇంకా కొన్నాళ్లు నీకు పనుంటాదన్నమాట."

"ఉంటాది నాయనా."

"ఉంటాదిలే" అని మళ్లీ తనలో తాను అనుకుని, ఆయన వీపు ట్రాలీకి ఆనించాడు. ఏ షెడ్ల సరుకు అడ్డం పడి మా పండు వంకలో పోయిందో, ఆ షెడ్లు ఇంకా నిండుగా ఉన్నాయని విని మా నాయనకు ఆ వారంలో మొదటిసారి నెమ్మది కలిగింది.